వార్తాసంస్థ వేదికెక్కినప్పుడు

2009 జులైలో వాషింగ్టన్ పోస్ట్ మార్కెటింగ్ విభాగం నుంచి ఒక కరపత్రం బయటికొచ్చింది. పత్రిక పబ్లిషర్ క్యాథరిన్ వేమౌత్ ఇంట్లో విందులు జరుగుతాయని అందులో ఉంది. ఒబామా ప్రభుత్వంలోని పెద్దలు, అమెరికా కాంగ్రెస్ సభ్యులు, పత్రికలో ఆరోగ్య రంగం వార్తలు రాసేవాళ్లు అక్కడుంటారు. వాళ్ల సరసన కూర్చుని భోంచేయాలంటే స్పాన్సర్ కట్టాల్సింది 25 వేల డాలర్లు. పదకొండు విందులకూ కలిపి అయితే రెండున్నర లక్షల డాలర్లు. అక్కడ మాట్లాడుకున్నది బయటికి రాదు. చర్చ హుషారుగా ఉంటుందే తప్ప ఎవరూ ఎవరినీ నిలదీయరని కూడా కరపత్రం భరోసా ఇచ్చింది. అది అందుకున్న ఆరోగ్య రంగ లాబీయిస్టు ఒకరు దాన్ని పొలిటికో వార్తాసంస్థ చేతికి ఇచ్చారు. జులై 2న వార్త రావడం, విందులు రద్దు కావడం ఒక్కరోజులోనే జరిగిపోయాయి.

వాటర్‌గేట్ బయటపెట్టిన పత్రిక ఇలా చేసిందా అని అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం ఆ కరపత్రంలో ఒక నిజాయితీ కనిపిస్తుంది. ఆ తరహా సభలు పెట్టే వార్తాసంస్థలు ఏం అమ్ముతున్నాయో అంత తేటగా అంతకు ముందూ తర్వాతా ఎవరూ రాసివ్వలేదు.

వార్తాసంస్థలు సభలు పెట్టడం ఇవాళ మామూలు సంగతి. అచ్చు ప్రకటనలు తగ్గాయి. నెట్‌లో వచ్చే ప్రకటనల డబ్బులో సింహభాగం గూగుల్, ఫేస్‌బుక్‌లు పట్టుకుపోయాయి. పత్రిక చేతిలో మిగిలింది దాని పేరు, దానికున్న పరిచయాలు. ఆ రెంటినీ రొక్కంగా మార్చే దారి ఈవెంట్. టికెట్టు, స్పాన్సరు, మర్నాటి పేజీకి వార్త, వారం పాటు యూట్యూబ్‌కు వీడియోలు అన్నీ ఒక్క రోజు పనిలో వస్తాయి. మన దేశంలో ఇండియా టుడే కాన్‌క్లేవ్ 2002లో, హిందుస్థాన్ టైమ్స్ లీడర్‌షిప్ సమ్మిట్ 2003లో మొదలయ్యాయి. చెన్నైలో హిందూ పత్రిక లిట్ ఫర్ లైఫ్ నడుపుతోంది. కేరళలో మాతృభూమి 2018 నుంచి తిరువనంతపురంలో అక్షరోత్సవం చేస్తుంటే, మనోరమ 2024లో కోళికోడ్‌లో హోర్టస్ పెట్టింది. తెలుగు పత్రికలదీ, ఛానళ్లదీ వేరే దారి. సంక్రాంతికి ఆంధ్రజ్యోతి ముత్యాల ముగ్గులు, కార్తీకంలో భక్తి టీవీ కోటి దీపోత్సవం, సాక్షి ఎక్సలెన్స్ అవార్డులు, ఏడాది పొడవునా ప్రాపర్టీ షోలు. టీవీ9 నెట్‌వర్క్ మాత్రం 2022లో ఢిల్లీలోనూ, 2024లో ఏకంగా జర్మనీలోని స్టట్‌గార్ట్‌లోనూ శిఖరాగ్ర సభలు పెట్టింది.

ముగ్గుల పోటీతో, దీపోత్సవంతో పత్రికా స్వేచ్ఛకు వచ్చే నష్టమేమీ లేదు. ఆడపడుచులు వస్తారు, ముగ్గులు వేస్తారు, బహుమతులు పట్టుకెళతారు. ఇబ్బందల్లా వేదిక మీద మంత్రి, పారిశ్రామికవేత్త, పోలీసు అధికారి కూర్చున్నప్పుడే. ఎందుకో మూలానికి వెళ్లి చూడాలి.

మంత్రి మీద వార్త రాయడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. ఆయన ఫోన్ ఎత్తకపోతే, స్పందించలేదని ఒక వాక్యం చేర్చి అచ్చేస్తారు. అదే మంత్రిని వేదిక మీద కూర్చోబెట్టాలంటే ఆయన రావాలి. పోస్టర్ల మీద ఆయన బొమ్మ పడ్డాక, ఆ బొమ్మ చూపించి స్పాన్సరు దగ్గర డబ్బు తెచ్చాక, ఆయన రాకపోతే సభే లేదు. పత్రికకూ అధికారికీ మధ్య ఉండే బలాబలాలు ఈ ఒక్క చోట తిరగబడతాయి. స్పాన్సరు వల్ల విలేకరి కలం వంగుతుందని అందరూ అంటారు. నా లెక్కలో స్పాన్సరుది రెండో స్థానమే. ఎంత డబ్బున్నా అతను కొనుక్కునేది అతిథి పక్కన కుర్చీ. కాబట్టి మొత్తం వ్యాపారం అతిథి ‘సరే’ అనడం మీదే నిలబడింది. ఆ ‘సరే’ కోసం ముందుగా ఇచ్చుకునే మాటల్లోనే చాలా ప్రశ్నలు చచ్చిపోతాయి.

ఎలా చస్తాయో చూడాలంటే రన్ ఆర్డర్ కాగితం చూడాలి. పది గంటలకు జ్యోతి ప్రజ్వలన. పది దాటి పది నిమిషాలకు టైటిల్ స్పాన్సర్ స్వాగత వచనాలు. తర్వాత సంస్థ చైర్మన్ మాట. పదిన్నరకు మంత్రిగారితో ముఖాముఖి నలభై నిమిషాలు, ఆఖరి పది నిమిషాలు సభికుల ప్రశ్నలు. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. మంత్రిగారి కాన్వాయ్ పదకొండు దాటాక వస్తుంది. దీపం దగ్గర ఎవరు ఏ వత్తి వెలిగించాలన్న దాని మీద కొంత తర్జనభర్జన. పుష్పగుచ్ఛాలు, శాలువాలు, మెమెంటోలు, ఫొటోల కోసం ఇంకోసారి మెమెంటో. స్పాన్సరు గారి ఏడు నిమిషాలు పదిహేడవుతాయి, ఎందుకంటే డబ్బు కట్టినవాడి మైకు ఎవరూ కట్టరు. వేదిక కింద ఫ్లోర్ మేనేజర్ ఐదు నిమిషాల అట్ట ఎత్తి చూపిస్తాడు, తర్వాత రెండు నిమిషాల అట్ట, తర్వాత ఎర్ర అట్ట. మోడరేటర్ చెవిలో వెనక గదిలోంచి ఎవరో చుట్టెయ్యమంటారు. ఎక్కడ కోస్తారు? జ్యోతిని కోయలేరు, స్పాన్సరును కోయలేరు, మంత్రిగారి మాటల్ని అసలే కోయలేరు. చివర పది నిమిషాలు కోస్తారు. సభికుల ప్రశ్నను చివర పెట్టడమే దాన్ని కోయడానికి ముందస్తు ఏర్పాటు. ఈ పనికి దర్శకత్వం వహించేవాళ్లు ఒక్క మార్పు చేస్తే చాలు, ఆ పది నిమిషాలను మధ్యకు జరపాలి. మధ్యలో ఉన్నదాన్ని కోయడం కష్టం.

ప్యానెల్ చర్చలది ఇంకో లెక్క. నలభై ఐదు నిమిషాలకు ఐదుగురు వక్తలు. పరిచయాలకు ఐదు, సభికులకు ఐదు పోతే తలా ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల్లో ఎవరూ అబద్ధంలో దొరకరు. ఐదుగుర్ని పిలవడం చర్చ కోసం కాదు, ఐదుగురి పేర్లు బ్రోషర్‌లో పడాలని. ఆ ఐదుగురిలో ఆడవాళ్లు ఎందరో కూడా లెక్కపెట్టండి, మన సభల్లో చాలాసార్లు వేలు మడవాల్సిన అవసరమే రాదు.

అతిథి మీద ఆధారపడుతూనే ప్రశ్నను కాపాడుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాల్ స్ట్రీట్ జర్నల్ తరఫున వాల్ట్ మాస్‌బర్గ్, కారా స్విషర్ 2003లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన ‘డి’ సభ అందులో మొదట చెప్పుకోదగ్గది. స్లైడ్లు ఉండేవి కావు, రాసుకొచ్చిన ప్రసంగం ఉండేది కాదు. ఎర్ర కుర్చీలో కూర్చోవాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. స్టీవ్ జాబ్స్, బిల్ గేట్స్ 2007లో ఆ కుర్చీల్లోనే పక్కపక్కన కూర్చున్నారు. 2010లో ఇరవై ఆరేళ్ల మార్క్ జుకర్‌బర్గ్ వచ్చాడు. ఫేస్‌బుక్ వాడేవాళ్ల సొంత వివరాలు ఎందుకలా బయటపడుతున్నాయని ఇద్దరూ అడుగుతూ పోతుంటే కుర్రాడికి ముచ్చెమటలు పోశాయి. మాటల్లో చెప్పడం కాదు, నుదుటి మీంచి నిజంగానే కారాయి. చొక్కా మీదున్న హుడీ తీసేయమని స్విషర్ చెప్పింది. తీస్తే లోపలి వైపు కంపెనీ ధ్యేయాన్ని చెప్పే చిహ్నం ఒకటి ముద్రించి ఉంది. దాన్ని చూసి సభ నవ్వింది. ఆ ఇంటర్వ్యూను అచ్చులో చదివితే జుకర్‌బర్గ్ జవాబులు పర్వాలేదనిపిస్తాయి. కళ్లతో చూసినవాళ్లకే అతను ఎంత తడబడ్డాడో తెలిసింది. ప్రత్యక్ష సభకు ఉన్న అసలు విలువ అదే. అంత ఇబ్బంది పడ్డాక కూడా అతిథులు ఆ కుర్చీ మానుకోలేదు. కాలిఫోర్నియా టెక్నాలజీ ప్రపంచంలో ‘డి’కి పిలుపు రాకపోవడమే నామోషీ అయింది కాబట్టి, బలాబలాలు అక్కడ మళ్లీ పత్రిక వైపు తిరిగాయి. ఇది అందరికీ సాధ్యం కాదు. ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరది. 2013 ఆఖరులో వాళ్లు జర్నల్‌ను వదిలి వెళ్లినప్పుడు ఆ పేరూ వాళ్లతోనే వెళ్లింది.

న్యూయార్క్ టైమ్స్ డీల్‌బుక్ సభలో 2022 నవంబరు 30న జరిగింది ఇంకా చిక్కైన ఉదాహరణ. ఎఫ్‌టీఎక్స్ క్రిప్టో ఎక్స్ఛేంజీ దివాలా తీసి మూడు వారాలు కాలేదు. దాని మాజీ అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్ బహామాస్ నుంచి వీడియోలో కూర్చున్నాడు, ఆండ్రూ రాస్ సార్కిన్ ప్రశ్నలు వేశాడు. జనం డబ్బు పోగొట్టినవాడికి వేదిక ఇస్తారా అని చాలామంది మండిపడ్డారు. ఖాతాదారుల సొమ్ము ఎటు పోయిందని సార్కిన్ అడిగాడు, తెలిసి చేయలేదన్నాడు అతను. రెండు వారాలు తిరక్కుండా అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది విచారణలో ప్రాసిక్యూటర్లు అతను బయట మాట్లాడిన మాటలనే అతని ముందు పెట్టి నిలదీశారు. వేదిక ఇవ్వడం తప్పు అన్నవాళ్లతో నేను ఏకీభవించను. సభికులు చప్పట్లు కొట్టిన క్షణాలు మాత్రం ఇబ్బందిగా ఉంటాయి.

ఈ రంగం గురించి రాసేవాళ్లు తక్కువగా పట్టించుకునేది సభికుల్నే. 2023 మే 10న సీఎన్ఎన్ న్యూహాంప్‌షైర్‌లోని సెయింట్ ఆన్సెల్మ్ కాలేజీలో డొనాల్డ్ ట్రంప్‌తో టౌన్‌హాల్ పెట్టింది. సభలో రిపబ్లికన్లు, ఆ పార్టీ ప్రైమరీలో ఓటు వేద్దామనుకుంటున్న స్వతంత్రులు ఉన్నారు. ముందురోజే న్యూయార్క్‌లో జ్యూరీ, రచయిత్రి ఇ. జీన్ క్యారల్ కేసులో లైంగిక దాడికి, పరువునష్టానికి ట్రంప్ బాధ్యుడని తేల్చి 50 లక్షల డాలర్లు కట్టమంది. వేదిక మీద ఆ విషయం రాగానే ట్రంప్ ఆమెను వెక్కిరించాడు. సభ నవ్వింది. మోడరేటర్ కేట్లన్ కాలిన్స్ మాటమాటకూ వాస్తవం గుర్తుచేస్తూనే ఉంది. కానీ గదిలో ఒకరు నిజం చెబుతుంటే వందల మంది అవతలివాడికి చప్పట్లు కొడితే, టీవీ చూసేవాడి చెవికి చేరేది చప్పట్లే. ఆ సభ దెబ్బ కూడా కలిసి నెల తిరక్కముందే సీఎన్ఎన్ అధిపతి క్రిస్ లిక్ట్ పదవి పోయింది. అదే సీఎన్ఎన్ 2024 జూన్ 27న అట్లాంటా స్టూడియోలో బైడెన్, ట్రంప్‌ల చర్చ నడిపినప్పుడు సభికుల్నే తీసేసింది, వంతు రానివాడి మైకు కట్టేసింది. చర్చ బాగా వినబడింది. జనం లేని ప్రత్యక్ష సభ ఎందుకన్న ప్రశ్న మిగిలింది.

1979లో మొదలైన బీబీసీ క్వశ్చన్ టైమ్ ఈ సమస్యను వేరేలా ఎదుర్కొంటోంది. సభ వారానికో ఊళ్లో. వస్తామన్నవాళ్లను ఏ పార్టీకి ఓటేస్తారు, ఏ విషయంలో ఏమనుకుంటారు అని ముందే అడిగి, అన్ని రకాలవాళ్లూ ఉండేలా ఏరి కూర్చోబెడతారు. ప్రశ్నలు వేసేది వాళ్లే. అయినా పక్షపాతం నింద తప్పదు, అటువాళ్లూ ఇటువాళ్లూ బీబీసీనే తిడతారు. కానీ అతిథి ‘సరే’ మీద ఆధారపడటం అక్కడ చాలా తగ్గింది. ఫలానా నాయకుడు రానంటే ఆ పార్టీ నుంచి ఇంకొకరు వస్తారు. జనం మాత్రం ఉంటారు, వాళ్లే సభ.

మన దగ్గరా దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటుంది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చాక రాష్ట్రం రెండుగా మాట్లాడుతున్న రోజుల్లో, కె. రామచంద్రమూర్తి సారథ్యంలో హెచ్ఎంటీవీ ‘దశ-దిశ’ పేరుతో పలు పట్టణాల్లో బహిరంగ చర్చలు పెట్టింది. నాయకులు, ఉద్యమకారులు, మేధావులు, మామూలు జనం ఒకే పందిరి కింద. ఆ వేడిలో అలాంటి సభ పెట్టడమంటే నిప్పుతో చెలగాటమే. ఒక్క మాట తూలితే కుర్చీలు లేచేవి. ఆ సభలకు విలువ వచ్చింది ఎవరు వచ్చారన్న దాని వల్ల కాదు, ఒక ప్రాంతంవాళ్ల మాట ఇంకో ప్రాంతంవాళ్లు పూర్తిగా వినే అవకాశం అప్పట్లో వేరెక్కడా లేకపోవడం వల్ల. రాష్ట్ర విభజనపై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ ఊళ్లు తిరిగి వినతిపత్రాలు తీసుకుంటున్న కాలంలోనే ఒక టీవీ ఛానల్ ఆ పని చేయగలిగింది. పదిహేనేళ్లు దాటినా తెలుగు ఛానళ్లు ఆ నమూనాను ఎందుకు పట్టుకోలేదో నాకు అంతుబట్టదు. అంతుబట్టదు అనడం మర్యాదకే, స్టూడియోలో నలుగుర్ని కూర్చోబెట్టి అరిపిస్తే ఖర్చు తక్కువ.

ఎవర్ని పిలవాలన్న దాని మీద ఒకే వారంలో రెండు పెద్ద పత్రికలు రెండు రకాలుగా నడిచిన ఘటన 2018 సెప్టెంబరులో జరిగింది. ట్రంప్ మాజీ వ్యూహకర్త స్టీవ్ బ్యానన్‌ను న్యూయార్కర్ ఉత్సవానికి సంపాదకుడు డేవిడ్ రెమ్నిక్ పిలిచాడు. జిమ్ క్యారీ సహా పలువురు అతిథులు మేం రామన్నారు, సొంత రచయితలూ అభ్యంతరం చెప్పారు. ఆ సాయంత్రానికే రెమ్నిక్ పిలుపు వెనక్కి తీసుకున్నాడు. ఎకనామిస్ట్ కూడా తన ఓపెన్ ఫ్యూచర్ సభకు బ్యానన్‌నే పిలిచింది. అక్కడా కొందరు తప్పుకున్నారు, కానీ సంపాదకురాలు జానీ మింటన్ బెడోస్ పిలుపు రద్దు చేయలేదు, న్యూయార్క్‌లో తానే కూర్చుని ప్రశ్నించింది. వెనక్కి తీసుకుంటూ రెమ్నిక్ చెప్పిన సంగతుల్లో ఒకటి ఎక్కువమంది గమనించలేదు: ఉత్సవానికి వచ్చేవాళ్లకు గౌరవ పారితోషికం, ప్రయాణం, బస పత్రికే ఇస్తుంది. వార్త కోసం ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే డబ్బులివ్వరు, వేదిక మీద అదే ఇంటర్వ్యూకు ఇస్తారు. అంటే అతను వార్తకు ఆధారమా, పత్రిక కిరాయికి తెచ్చుకున్న కళాకారుడా? బెడోస్ పట్టుదల నాకు నచ్చుతుంది. అయినా తేడాను సూటిగా ఒప్పుకున్నది రెమ్నిక్కే.

అదే ఏడాది అక్టోబరు 2న సౌదీ పాత్రికేయుడు, వాషింగ్టన్ పోస్ట్ కాలమిస్టు జమాల్ ఖషోగీ ఇస్తాంబుల్‌లోని కాన్సులేట్‌లో హత్యకు గురయ్యాడు. ఆ నెలలోనే రియాద్‌లో జరగాల్సిన పెట్టుబడుల సదస్సుకు మీడియా భాగస్వాములుగా న్యూయార్క్ టైమ్స్, ఫైనాన్షియల్ టైమ్స్, బ్లూమ్‌బర్గ్, సీఎన్ఎన్ వంటివి ఉన్నాయి. ఒకటి తర్వాత ఒకటి తప్పుకున్నాయి. తప్పుకోవడం మంచిదే. ఒక రాజ్యం పెట్టే పెట్టుబడి జాతరకు వార్తాసంస్థ పేరు అరువివ్వడం ఖషోగీ బతికున్నప్పుడు మాత్రం సబబెలా అయిందో ఎవరూ చెప్పలేదు.

అతిథే లేకుండా సభ నడిపినవాళ్లూ ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో మొదలైన పాప్-అప్ మ్యాగజైన్‌లో విలేకరులు, ఫొటోగ్రాఫర్లు వేదికెక్కి తమ కథనాలు చెప్పేవాళ్లు. రికార్డింగ్ ఉండేది కాదు, ఆ రాత్రి విన్నదే విన్నట్టు. డెన్మార్క్‌లో జెట్లాండ్ అదే పని చేసింది. ఫిన్లాండ్‌లో హెల్సింగిన్ సనోమాట్ దినపత్రిక 2016 నుంచి ‘ముస్తా లాతిక్కో’ పేరుతో విలేకరులను రంగస్థలం ఎక్కిస్తోంది. హరికథా, బుర్రకథా పుట్టిన నేల మనది, తెల్లవార్లూ కూర్చుని కథ వినే అలవాటు మనకు కొత్త కాదు. పంట బీమా కుంభకోణాన్ని రాసిన విలేకరి అరగంట సేపు వేదిక మీద నిలబడి అది ఎలా తెలిసిందో చెబితే జిల్లా కేంద్రంలో హాలు నిండుతుందనే నా నమ్మకం. డబ్బు సంగతి వేరు. పాప్-అప్ 2023లో మూతపడింది.

డబ్బు గురించి గొప్పలు చెప్పుకునే రోజులు కోవిడ్‌తో పోయాయి. 2020 మేలో అట్లాంటిక్ 68 మందిని తీసేసింది, అందులో ఈవెంట్స్ విభాగానిదే పెద్ద వాటా. కోవిడ్‌కు ముందే గార్డియన్ 2014లో సభ్యత్వ పథకంతో పాటు లండన్ కింగ్స్‌క్రాస్‌లోని పాత గూడ్స్ షెడ్డును సభా ప్రాంగణంగా మారుస్తామని ఆర్భాటంగా చెప్పి, రెండేళ్లకే మానుకుంది. లాభాపేక్ష లేని టెక్సస్ ట్రిబ్యూన్ 2011 నుంచి ఏటా ఆస్టిన్‌లో పెద్ద ఉత్సవం చేస్తుంది. ఈ రంగంలో అందరూ దాని పేరే చెబుతారు. అదీ 2023లో పదకొండు మందిని ఇంటికి పంపింది. కాకపోతే ట్రిబ్యూన్ ఒక పని క్రమం తప్పకుండా చేస్తుంది. ఎవరు ఎంత ఇచ్చారో జాబితా అందరికీ కనబడేలా పెడుతుంది. డబ్బిచ్చిన సంస్థ పేరు వార్తలో వస్తే ఆ వార్త కిందే ఆ సంగతి రాస్తుంది.

తెలుగు పత్రికల సొంత ఈవెంట్ల వార్తల్లో అలాంటి వాక్యం నేను చూడలేదు. వచ్చేది ఫుల్ పేజీ, మెమెంటోలు అందుకుంటున్న స్పాన్సర్ల ఫొటోలు. ఈ గీత ఎంత పల్చనిదో మనకు తెలియక కాదు. 2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్ మీద పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది మన పాత్రికేయుల సంఘం ఏపీయూడబ్ల్యూజేనే. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010 నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు కె. శ్రీనివాస్‌రెడ్డి. వార్త పేరుతో ప్రకటన అమ్మడాన్ని ఆ నివేదిక ఎండగట్టింది. వేదిక పేరుతో పలుకుబడి అమ్మడం జోలికి ఎవరూ పోలేదు.

నాకు అన్నిటికంటే కలవరంగా అనిపించేది ఢిల్లీ కాన్‌క్లేవ్ కాదు, జిల్లాలో ప్రాపర్టీ షో. అక్కడ స్టాళ్లు అమ్మే భారం చాలాచోట్ల మండల కంట్రిబ్యూటర్ నెత్తిన పడుతుంది. జీతం నామమాత్రం, టార్గెట్ మాత్రం అసలైనది. ఊళ్లో వెంచర్ వేసిన రియల్టర్‌ను ‘అన్నా, ఒక్క స్టాల్ తీసుకో’ అని బతిమాలేది అతనే. ఆ వెంచర్‌లో చెరువు శిఖం భూమి కలిసిందని ఆర్నెల్ల తర్వాత రైతులు కాగితాలు పట్టుకుని వచ్చేదీ అతని దగ్గరికే. సంపాదకీయ విభాగంవాళ్లు, కనీసం కంట్రిబ్యూటర్లు, స్టాళ్లూ స్పాన్సర్లూ అమ్మకూడదన్న ఒక్క నిబంధన పెట్టడానికి ఏ కమిషనూ, ఏ చట్టమూ అక్కర్లేదు. యాజమాన్యం నుంచి ఒక సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ వస్తే వచ్చే ఏడాది ప్రాపర్టీ షోలో స్టాళ్లు సగానికి పడిపోతాయని ఈవెంట్స్ మేనేజర్ అంటాడు. అతను చెప్పేదీ నిజమే.